చార్‌మినార్ రూపాయి దుబాయి ఎక్కనంది!

"దుబాయి పోతున్నవట గద కొడుకా! పోతే పో గని, పోయేముందు ఒకపారి తాండూరు రా. నీతోని పని పడ్డది. ఫోన్ల చెప్పేది గాదు."

ఫోన్లో చెప్పేది కాదు అంటే ఏమై వుంటుందా అని రాత్రంతా ఆలోచించాను. ఫోన్ చేసింది అవ్వ. అవ్వంటే మా నాన్నకు సొంత మేనత్త. ఎనభై దాటింది. కళ్ళు సరిగా కనిపించవు గానీ చెవులు మాత్రం సెన్సారు బోర్డు మెంబరు చెవులు. నేను దుబాయి పోతున్న సంగతి నా స్నేహితులకే ఇంకా పూర్తిగా తెలియదు. అక్కడ జరిగే ఒక తారల వేడుకను గురించి రాసి పెట్టమని ఒక పత్రికవాళ్ళు అడిగారు. రానుపోను టిక్కెట్టు వాళ్ళది, రాత నాది. అంతే సంగతి. అవ్వకెలా తెలిసిందో ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున్నే నాంపల్లిలో రైలెక్కాను. లింగంపల్లి దాటేదాకా అద్దాల మేడలు. శంకర్‌పల్లి దాటితే ఎర్రమట్టి, మోదుగు చెట్లు, మేకల మందలు. ఈ దారి కొత్తది కాదు సుమండీ! సికింద్రాబాదు నుంచి వాడి దాకా నిజాం హయాంలో 1874లోనే ఈ పట్టాలు పడ్డాయి. వికారాబాద్ జంక్షన్. ఒక దారి తాండూరు మీదుగా వాడికి, ఇంకొకటి జహీరాబాద్, బీదరు మీదుగా పర్లికి. పైగా వూరు పేరు వినగానే మన ఆంధ్ర మిత్రులు "వికారమా?" అని నవ్వుతారు. వికారం కాదు, వికార్! ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించి, 1893 నుంచి 1901 దాకా హైదరాబాదు దివానుగా వున్న నవాబ్ వికారుల్ ఉమ్రా పేరు అది. పేరులో అంత డాబు వుంది. వూరు మాత్రం డాబు లేకుండా, చల్లగా, అనంతగిరి కొండల పక్కన ఒదిగి కూర్చుంటుంది.

అనంతగిరి మీకు తెలియనిది కాదు. తెలియకపోయినా మీరు చూశారు. తెర మీద హీరోహీరోయిన్లు పొగమంచులో చెట్లచుట్టూ తిరుగుతుంటే 'అబ్బ, వూటీ' అనుకుంటాం చూడండి, అందులో కొంత వూటీ మన అనంతగిరే. హైదరాబాదు నుంచి రెండు గంటల ప్రయాణం, రాత్రికి యూనిట్ ఇంటికి చేరొచ్చు, ప్రొడ్యూసరు ప్రాణం హాయి. మూసీ పుట్టేది కూడా ఈ కొండల్లోనే. హైదరాబాదులో ముక్కు మూసుకుని దాటే ఆ నదిని ఇక్కడ చూస్తే గుర్తుపట్టలేం.

కానీ ఆ రోజు నేను దిగలేదు. తాండూరు పిలిచింది.

కాళ్ళకింద తాండూరు

తాండూరు వచ్చిందని బోర్డు చూడకుండానే తెలుస్తుంది. పట్టాల పక్కన, రోడ్ల పక్కన, ఇళ్ళ మధ్యన బండలు, బండలు, బండలు. బూడిదరంగు నీలం ఒకటి, పసుపు ఒకటి. నిలబెట్టి పేర్చిన నాపరాళ్ళు పుస్తకాల బీరువాల్లా వుంటాయి. పాలిషు మిషన్ల చప్పుడు, తెల్లటి దుమ్ము. మీరు ఈ పత్రిక నేలమీద బోర్లా పడుకుని చదువుతుంటే ఒక్కసారి కిందికి చూడండి. ఆ బండ ఇక్కడిది కావడానికి చాలా అవకాశం వుంది! రెండోది కందిపప్పు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవతల కాస్త దూరం పోతే కర్ణాటక. అందుకే ఇక్కడ బజార్లో ఒక్క బేరంలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి.

స్టేషన్ బయట కిరాణా దుకాణంలో బిస్కెట్ పాకెట్ తీసుకుని పదిరూపాయల బిళ్ళ ఇచ్చాను. "గది నడ్వది సార్, నోటియ్యండి" అన్నాడు. రిజర్వు బ్యాంకువారు 2018లో పద్నాలుగు రకాల పదిరూపాయల బిళ్ళలూ చెల్లుతాయి మహాప్రభో అని ప్రకటించినా మన తెలంగాణలో చాలా దుకాణాల్లో ఈ మాట ఇంకా తప్పడం లేదు. జేబులో అలాంటివి తొమ్మిది పోగయ్యాయి. ఈ తొమ్మిదింటినీ గుర్తుపెట్టుకోండి. క్లైమాక్సులో పనికొస్తాయి.

అవ్వ తలుపు గడియపెట్టింది. దేవుని గూటి కింద నుంచి ఒక ఇత్తడి ముంత తీసింది. ముంతలో ఎర్రగుడ్డ మూట. మూట విప్పగానే నా కళ్ళు చెదిరాయి. పన్నెండు వెండి రూపాయలు, మిలమిలమిల! ఒక్కొక్క దాని మీదా చార్‌మినార్.

"హాలీ సిక్కా కొడుకా. మా అత్త ఇచ్చింది, నా లగ్గమైన యాడాది. అప్పుడు రెండు తీర్ల పైసలుండె. హాలీ మనది, కల్దార్ తెల్లోనిది. వంద కల్దార్లు కావాల్నంటే నూటపదారు రూపాలు, పదణాలు, ఎన్మిది పైలు హాలీ లెక్కపెట్టాలె."

చదువురాని అవ్వ నోట ఆ లెక్క తడుముకోకుండా వచ్చింది. అది నిజమైన అధికారిక మారకపు రేటు. ఏడు హాలీలు ఆరు కల్దార్లతో సమానం. మనం చదివింపుల్లో రాయించే నూటపదహార్లు ఇక్కణ్ణుంచే వచ్చాయని చెప్పేవాళ్ళున్నారు. వందకు బదులు నూటపదహారు ఇస్తే కల్దార్లలో నిండు వంద అవుతుందట. కథ బాగుంది. నేనైతే పందెం కాయను. 1950లో భారత రూపాయి వచ్చాక కూడా హాలీ కొన్నేళ్ళు దాని పక్కనే నడిచి, 1959 నాటికి పూర్తిగా సెలవు తీసుకుంది. అవ్వ కాపురానికి వచ్చింది సరిగ్గా ఆ సంధికాలంలో.

"ఇవి దుబాయిల అమ్ముకరా" అంది అవ్వ.

అసలు కథ అప్పుడు బయటపడింది. పక్కింటి పిల్లవాడు ఫోన్లో ఒక వీడియో చూపించాడట. చార్‌మినార్ రూపాయికి విదేశాల్లో లక్షలిస్తారని అందులో ఎవరో చేతులూపుతూ చెప్పాడట. అవ్వ మనుమరాలు హైదరాబాదులో నర్సింగు చదువుతోంది. ఫీజుకు గడువు దగ్గర పడింది. అరవై వేలు. తండ్రి బండల పాలిషు పనికి పోయేవాడు, దగ్గు పట్టుకుని ఏడాదిగా ఇంట్లోనే వుంటున్నాడు. ముంతలో పన్నెండు లక్షలున్నాయని నమ్ముతున్న ముసలమ్మకు అరవై వేలు ఎంత!

ఆ పన్నెండూ కాక పదమూడోది ఒకటి విడిగా దేవుని గూట్లో వుంది. పసుపూ కుంకుమా పెట్టి వుంది. రాగిరంగు బిళ్ళ, ఒకవైపు సీతారాములు, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, 1818. "గిది మాత్రం అమ్మ. గది దేవుడు" అంది.

వచ్చేముందు అవ్వ ఇంకో మాట చెప్పింది. "నువ్వొస్తున్నవని పొద్దుగాల్నే చింతపండు పెట్టి అన్నీ తోమిన. ఎట్ల మెరుస్తున్నయో చూడు!"

మెరుస్తున్నాయి, నిజమే. ఆ మెరుపు ఎంత ఖరీదైందో అప్పటికి నాకూ తెలియదు.

చిన్న ఫ్లాష్‌బ్యాక్

సరేనని మూట చేతికి తీసుకున్నాను గానీ నా అరచెయ్యి చల్లబడింది. దానికో కారణం వుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

2018లో మొదటిసారి సింగపూరు వెళ్ళాను. పాత నాణేల పిచ్చి అప్పుడే మొదలైంది. ఎవరో చెప్పారు, అక్కడ నాణేల దుకాణాల్లో మన పాతవి ఇచ్చి వాళ్ళవి తీసుకోవచ్చని. మా తాతగారి పెట్టెలో దొరికిన అయిదో జార్జి రూపాయి, 1916 నాటిది, పర్సులో వేసుకుని బయల్దేరాను. మన విమానాశ్రయంలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలని తెలిస్తేగా! అక్కడ దుకాణంలో పెద్దాయన భూతద్దం పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "నూరేళ్ళు దాటింది. మీ దేశం నుంచి తెచ్చినట్టు కాగితం వుందా?" అన్నాడు. లేదన్నాను. నాణేన్ని వేలితో మెల్లగా నా వైపు నెట్టాడు, వేడి పెనం మీది అట్టును తోసినట్టు. బేరం లేదు, మాట లేదు. తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలూ ఆ రూపాయి నా తొడమీద నిప్పుకణికలా కూర్చుంది. మన పాత సినిమాల్లో సూటుకేసులో బంగారు బిస్కెట్లు పెట్టుకుని తెల్లసూటు వేసుకున్న విలన్ ఎంత నిబ్బరంగా నడుస్తాడో! నాకు మాత్రం పదకొండు గ్రాముల వెండికే మోకాళ్ళు వణికాయి.

ఆ అనుభవంతో ఈసారి దుబాయికి ముందు ఇంకొక చోటికి వెళ్ళాలనుకున్నాను. వికారాబాద్‌లో నాకు తెలిసిన ఒక ఉర్దూ మాస్టారుగారున్నారు. రిటైరయ్యారు. యాభై ఏళ్ళుగా నిజాం నాణేలు తప్ప వేరే లోకం లేదు. అవ్వ మూటను నడుముకు కట్టుకుని సాయంత్రం బండికి వికారాబాద్‌లో దిగాను.

అయిన్, మీమ్, తొంభై రెండు

మాస్టారుగారు మూట విప్పగానే మొదట అన్న మాట, "యా అల్లా! ఎవరు తోమారు ఇవి?"

చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఏదో చావుకబురు విన్నట్టు కాసేపు మాట్లాడలేదు.

"బేటా, నాణెం మీద నల్లగా పట్టిన పొర వుంటుంది చూడు, అది మురికి కాదు. అది దాని వయసు. సేకరించేవాడు దానికే డబ్బిస్తాడు. తోమిన నాణెం ముసలివాడు జుట్టుకు రంగేసుకున్నట్టు. చూడగానే తెలిసిపోతుంది."

పాఠకులారా, మీ ఇంట్లో తాతల నాటి నాణేలుంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు ఏదీ పెట్టకండి. కొండీలు అతికించి దండ కట్టించడం ఇంకా ఘోరం. అవ్వ పన్నెండింటిలో మూడు అలా మెళ్ళో వేలాడినవే.

తర్వాత చదవడం నేర్పించారు. చార్‌మినార్ రూపాయి పుట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో. సైఫాబాద్‌లో కొత్త టంకశాల పెట్టిందీ 1903లోనే. చార్‌మినార్ మధ్య తలుపులోకి భూతద్దం పెట్టి చూస్తే ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. 'మీమ్' వుంటే మహబూబ్. 'అయిన్' వుంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. రాజుగారు తన కోటగుమ్మంలో తనే కాపలా నిలబడ్డట్టు! వెనకవైపు హైదరాబాద్‌కు 'ఫర్ఖుందా బునియాద్' అని బిరుదు. శుభముహూర్తాన పునాది పడ్డ నగరమని అర్థం.

నేను తెలివి చూపిద్దామని ఒక అంకె పట్టుకుని "ఇది 92, అంటే 1892 కదండీ!" అన్నాను. మాస్టారుగారు పకపకా నవ్వారు. అది సంవత్సరం కాదట. ఉర్దూ అక్షరాలకు అంకెల విలువలుంటాయి, ముహమ్మద్ అనే పేరులోని అక్షరాలను కూడితే తొంభై రెండు. అసలు సంవత్సరం వేరే వుంది, హిజ్రీ లెక్కలో. నిలువు గీత ఒకటి. గీతకు పైన రెండు పళ్ళుంటే మూడు. చుక్క అంటే సున్నా. దాన్ని మన సంవత్సరంలోకి తేవడానికి 0.97తో హెచ్చించి 622 కలపాలి. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టిది కాబట్టి ఆ హెచ్చవేత.

పన్నెండింటినీ బల్లమీద వరసగా పేర్చి ఒక్కొక్కటీ చదివాం. మీమ్ వున్నవి రెండు, ఒకటి 1321, అంటే 1903. అయిన్ వున్నవి ఏడు, 1330 నుంచి 1337 లోపల. అంటే 1912కూ 1919కీ మధ్య. ఇంకా రెండు చివరికాలంవి, 1362, అంటే 1943. ఒకటి మాత్రం మాస్టారుగారు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

"1343. లెక్క వెయ్యి."

వేశాను. 1924 ఆగస్టు నుంచి 1925 జూలై దాకా ఆ సంవత్సరం.

"నూరేళ్ళు!" అన్నాను.

"అదీ సంగతి. మూడేళ్ళ కిందట అయితే ఇది ఉట్టి పాత రూపాయి. ఇప్పుడు పురావస్తువు. ఇది ముంతలోంచి కదల్లేదు. చట్టమే వచ్చి దీన్ని చేరింది."

పురావస్తువుల, కళానిధుల చట్టం 1972లో చేశారు, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. నూరేళ్ళు, అంతకు మించి వయసున్న నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది నియమించిన సంస్థకూ తప్ప ఎవరికీ లేదు. 'నాది, మా అత్త ఇచ్చింది' అన్నా సరే. ఒక్కటైనా సరే. పట్టుబడితే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. నూరేళ్ళు నిండనివి తీసుకుపోవాలన్నా విమానాశ్రయంలో అధికారికి అనుమానం వస్తే ఏం చూపిస్తాం? అందుకని ముందే పురావస్తు శాఖవారి దగ్గర ఇది పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. అవతల దేశాలూ ఇదివరకటిలా లేవు. 2024 జూలైలో మన దేశమూ అమెరికా దొంగరవాణా పురావస్తువుల విషయంలో ఒప్పందం సంతకం చేసుకున్నాయి. డల్లాస్‌లో బావమరిది వున్నాడు కదా, అక్కడ అమ్ముదామనుకునే వాళ్ళు కాస్త ఆగండి.

"మరి పెద్దవాళ్ళవి పోలేదా?" అని ఉక్రోషంగా అడిగాను.

మాస్టారుగారు అప్పుడు చెప్పిన కథ ఏ సినిమాకూ తీసిపోదు. జహంగీరు పాదుషా 1613లో ఆగ్రాలో వెయ్యి తులాల బంగారు మొహరు కొట్టించాడు. ఒకే నాణెం! దాదాపు పన్నెండు కిలోలు. అడ్డంగా కొలిస్తే ఇరవై సెంటీమీటర్లు, మన దోసె పెనమంత కాకపోయినా పూరీ అంత కచ్చితంగా. అది చివరికి నిజాం ఇంటికి చేరింది. 1987 నవంబరులో స్విట్జర్లాండులోని జెనీవాలో ఒక వేలంపాటలో ప్రత్యక్షమైంది! పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. సి.బి.ఐ. రంగంలోకి దిగింది. 2022లో కూడా ఆ వెతుకులాట మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. 'మోసగాళ్లకు మోసగాడు'లో కృష్ణ, 'సాహసం'లో గోపీచంద్ నిధి కోసం ఎంత దూరం పోయారో చూశాం కదా. ఆ మొహరు కోసం మాత్రం ఏ హీరో ఇంకా బయల్దేరలేదు. రాసుకునేవాళ్ళు రాసుకోండి, కథాహక్కులు నేనడగను.

"వీడియోలో చెప్పిన లక్షలు?" చివరి ఆశతో అడిగాను.

మాస్టారుగారు చిన్న త్రాసు తీశారు. పాత చార్‌మినార్ రూపాయి 11.178 గ్రాములు. అందులో వెండి నూటికి 81.8 పాళ్ళు. అంటే ఒక్కోదాంట్లో తొమ్మిది గ్రాముల పైచిలుకు వెండి. పాత పదింటినీ కలిపితే ఎనిమిది తులాలకు కాస్త తక్కువ. ఈ రూపాయలు అప్పట్లో బస్తాలకు బస్తాలు కొట్టారు, ఇప్పటికీ దొరుకుతున్నాయి. అరుదైన సంవత్సరం, తోమని ముఖం, చెక్కుచెదరని అంచు వుంటే వేరే సంగతి. లేకపోతే వెండి ధరకు కాస్త పైన. అంతే.

లక్షలిస్తామని చెప్పేవాళ్ళు మొదట మన దగ్గరే రిజిస్ట్రేషను ఫీజు అనీ, పన్ను అనీ గుంజుతారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక చేయాల్సి వచ్చింది. మన పల్లెల్లో రైస్ పుల్లింగ్ పేరుతో రాగి చెంబులకూ, బిళ్ళలకూ పొలాలమ్ముకున్నవాళ్ళ కథలు మీరూ వినే వుంటారు.

సీతారాముల బిళ్ళ సంగతి కూడా అడిగాను. దాన్ని తీసుకురాలేదు, మాటల్లో చెప్పానంతే. ఆయన చెయ్యి అడ్డంగా వూపారు. కంపెనీవాళ్ళు దేశమంతటికీ ఒకే తీరు నాణేలు మొదలుపెట్టిందే 1835లో. సీతారాములతో 1818 కంపెనీ బిళ్ళలు వాళ్ళు ఎన్నడూ కొట్టలేదు. అవి తర్వాత ఎవరో జాతరల కోసం పోతపోసినవి. "కానీ అవ్వకు చెప్పకు" అన్నారు మాస్టారుగారు. "ఆమె దాన్ని నాణెమని దాచుకోలేదు కదా."

ఆ రాత్రి వికారాబాద్‌లోనే వుండిపోయాను. పొద్దున్నే అనంతగిరి గుడిదాకా నడిచాం. అనంతపద్మనాభస్వామి గుడిమెట్ల మీద కూర్చుని మాస్టారుగారు దమ్ము తీసుకున్నారు. ఈ కొండగాలి వూపిరితిత్తులకు మంచిదని ఒకప్పుడు ఇక్కడ క్షయరోగుల ఆసుపత్రి పెట్టారు. బండల దుమ్ముతో దగ్గుతున్న అవ్వ కొడుకు గుర్తొచ్చాడు.

"దేశంలో అమ్ముకోవచ్చా?"

"నీ ఇంట్లో వున్నది అమ్ముకో, ఎవరు కాదన్నారు? పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు వున్న వ్యాపారికి అమ్ము, రసీదు తీసుకో. అదే పొలంలో దొరికిన నిధి అయితే కథ వేరు. 1878 నాటి చట్టం ఇప్పటికీ వుంది, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే."

మళ్ళీ తాండూరు

అవ్వ ముందు మూట పెట్టి వున్నది వున్నట్టు చెప్పాను. చట్టం, నూరేళ్ళు, జైలు. తోమడం సంగతి మాత్రం చెప్పడానికి గొంతు రాలేదు. కానీ అవ్వే అడిగింది. "మెరుస్తున్నయి గద, ఎక్వ పైసలు రావా?" అని. చెప్పక తప్పలేదు. అవ్వ తన చేతులకేసి చూసుకుంది. గోళ్ళ సందుల్లో చింతపండు మరక ఇంకా వుంది.

"అయితే నేనే పాడుచేసినన్నట్టు."

"నీకేం తెలుసవ్వా. నాకూ నిన్నటిదాకా తెల్వదు."

"మరి పిల్ల ఫీజు?"

జవాబు లేదు. కోడలు చాయ తెచ్చింది. అవతలి గదిలోంచి దగ్గు వినిపిస్తోంది. చాయ చల్లారిపోయింది.

కాసేపటికి అవ్వే మూట విప్పింది. మీమ్ వున్నవి రెండూ పక్కకు తీసింది. ఏది ఏదో ఆమెకు తెలియదు, నేనే చూపించాను. "గివి మా అత్త సొంతంగ పెట్టుకున్నయి. ఉండనీ." 1343ది నా చేతిలో పెట్టి "నూరేండ్లు నిండిందంటివి. గిది గూడ ఉండనీ, నాకంటె పెద్దది" అంది. మిగిలిన తొమ్మిదీ హైదరాబాదులో లైసెన్సు వున్న ఒక వ్యాపారికి చూపించాం. మనుమరాలు కూడా వచ్చింది. ఆయన అయస్కాంతం పెట్టి, తూకం వేసి, కొండీలున్న మూడింటినీ వేరు చేసి వెండి లెక్క కట్టాడు. మిగతావాటికి కొంచెం పైన ఇచ్చాడు. మాస్టారుగారు చెప్పింది తప్పు కాలేదు. ఫీజులో మూడోవంతు దాటింది, అంతే. కొంత ఆ పిల్లే ఏదో స్కాలర్‌షిప్పు కింద సర్దుకుంది. మిగతాది దుబాయి రాతకు వచ్చే పారితోషికం చూసుకుని నేను ముందే కట్టాను. అవ్వ మొదట ఒప్పుకోలేదు. అప్పుగా అయితేనే అంది. సరే అప్పే అన్నాను.

"ఇస్త. గని కల్దార్ల తీసుకున్న, హాలీల ఇస్త, మంచిదేనా?" అని కన్ను గీటింది. వందకు పద్నాలుగు రూపాయల పైనే నష్టం నాకు! ఆ ఇంట్లో మూడు రోజుల్లో మొదటిసారి అందరూ నవ్వారు.

శంషాబాదులో ఈసారి జేబులు ఖాళీచేసి ట్రేలో పెట్టాను. తాళంచెవి, పెన్ను, తొమ్మిది పదిరూపాయల బిళ్ళలు. ఎవరూ ఏమీ అనలేదు. మన రూపాయలు పాతికవేల దాకా వెంట తీసుకుపోవచ్చు కాబట్టి ఈ తొంభైకి ఢోకా లేదు. తొడమీద నిప్పుకణిక లేదు. నాలుగు గంటలూ హాయిగా నిద్రపోయాను.

తారల వేడుక సంగతులు వేరే వ్యాసంలో చదివే వుంటారు. ఇక్కడ చెప్పాల్సింది ఆ హాలు వెనక చాయ అమ్మే కుర్రాడి గురించి. జగిత్యాల దిక్కు పిల్లవాడు. చిల్లర వెతుకుతుంటే నా చేతిలో పదిరూపాయల బిళ్ళ చూశాడు. "అన్నా, ఒకపారి ఇయ్యి" అని తీసుకుని సంవత్సరం కింద వేలు పెట్టాడు. అక్కడ చిన్న చుక్కగుర్తు, అయిదు కొసల నక్షత్రం. "గిది మన హైదరాబాద్‌ల కొట్టింది! నక్షత్రముంటే మనది. మా తాత చెప్పిండు." నాణేల పిచ్చి వాడికీ వుంది. నాలుగేళ్ళుగా ఇంటికి పోలేదట. టంకశాల 1997లో సైఫాబాదు నుంచి చర్లపల్లికి మారిందనీ, పాత భవనంలో 2022లో మ్యూజియం పెట్టారనీ చెబితే నోరు తెరుచుకుని విన్నాడు. పైసలొద్దు, ఆ బిళ్ళ ఇచ్చి పొమ్మన్నాడు. బదులుగా గల్లాపెట్టెలోంచి కొత్త దిర్హం ఒకటి ఏరి ఇచ్చాడు. లెక్క ప్రకారం దాని విలువ నా బిళ్ళకు రెట్టింపు కంటే ఎక్కువ. "నష్టపోతున్నవ్ తమ్మీ" అన్నాను. "ఉండనీ అన్నా" అన్నాడు. మిగతా ఎనిమిదీ కూడా వాడికే ఇచ్చేశాను. తాండూరులో బిస్కెట్ పాకెట్ రాని బిళ్ళలవి!

తిరిగొచ్చాక తాండూరు వెళ్ళి ఆ దిర్హం అవ్వకిచ్చాను. దాని మీద పొడుగు ముక్కున్న అరబ్బుల కాఫీ కూజా బొమ్మ వుంటుంది. అవ్వ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, వేళ్ళతో తడిమి చూసింది.

"గీ చెంబేంది?"

"దుబాయివాళ్ళు కాఫీ పోసుకునేదవ్వా."

"వాళ్ళ దేవుడు గాదు గద?"

కాదన్నాను. తీసుకుపోయి సీతారాముల బిళ్ళ పక్కన పెట్టింది. నేను అవతలికి తిరిగేలోపు మళ్ళీ గూటి దగ్గరికి పోయి, చీర కొంగుతో తుడవబోయి, చెయ్యి ఆపుకుని నా వైపు చూసింది.

"తుడ్వొచ్చా?"